బండితో చెప్పిన మాటలు

తాళం తిప్పాను, టక్కుమంది, అంతే. మళ్ళీ తిప్పాను, మళ్ళీ టక్కు. లోపల ఎవరో కూర్చుని నాలుక చప్పరిస్తున్నట్టుంది, నా మీదో, బండి మీదో, ఎత్తిన బానెట్ వెనక నిలబడ్డ మా ఆయన మీదో తెలీదు. ఆయన నాకు పూర్తిగా కనిపించడం లేదు. బానెట్ కింద ఉన్న సన్నటి సందులోంచి బెల్టూ, చొక్కా కింది రెండు బొత్తాలూ మాత్రం కనిపిస్తున్నాయి. బొత్తాలు ముందుకొస్తే వంగాడనీ, వెనక్కెళ్తే ఆలోచిస్తున్నాడనీ నేను అర్థం చేసుకోవాలి. వారం నుంచీ నాకు ఆయన గురించి తెలిసేదంతా ఇలాంటి సందుల్లోంచే. "ఇప్పుడు ఎవరైనా సెల్ఫ్ కొడితే బాగుండు," అంటున్నాడు, నాతో కాదు, ఇంజనుతో. "కొట్టడం అయింది," అన్నాను నేను స్టీరింగుతో. "క్లచ్ తొక్కి కొట్టాలి," అన్నాడు ఇంజనుతో. "తొక్కకుండా కొట్టడానికి ఇక్కడెవరూ నిన్న పుట్టలేదు," అన్నాను స్టీరింగుతో. పదకొండింటికి రిజిస్ట్రారు ఆఫీసులో మా అక్క పెళ్ళి, సాక్షి సంతకాలు మేమిద్దరం పెట్టాలి, దారిలో పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ కూడా ఈ బండిలోనే ఎక్కించుకోవాలి. బండి కదలకపోతే ఏం చేస్తామన్నది ఒక బెంగ. కదిలితే, మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఇంకో జంట పెళ్ళికి సాక్ష్యం ఎలా చెప్తారన్నది రెండో బెంగ. ఈ రెండోదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

వస్తువులతో మాట్లాడొచ్చన్న ఒప్పందం దానంతట అదే ఏర్పడింది, ఎవరూ ప్రతిపాదించలేదు, ప్రతిపాదించాలంటే మాట్లాడాలి కదా. ఆయన టీ గిన్నెతో 'ఇవాళ చక్కెర ఎక్కువైంది' అంటాడు, నేను ఫ్రిజ్ తలుపుతో 'ఎక్కువైనవాళ్ళు నీళ్ళు కలుపుకోవచ్చు' అంటాను, గిన్నెకూ ఫ్రిజ్‌కూ మధ్య పగ పెరుగుతూ ఉంటుంది, మాకేం సంబంధం లేదు. ముందు నోరు విప్పినవాళ్ళు ఓడినట్టు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఇక్కడ ఇద్దరు మొండివాళ్ళు, రాజ్యం మాత్రం రెండు గదులూ ఓ వంటిల్లూ. నిజం చెప్పాలంటే ఈ మౌనం ఆయనకు కొత్త కాదు. ఆయన లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరి మేడల్లోనో ఎక్కి దిగుతుంటాడు, తెలియనివాళ్ళ పక్కన ఓ పెట్టెలో నిలబడి తలుపు మీద వెలిగే అంకెల్ని చూడటమే ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ చూపు పోదు, అన్నం తింటూ నా నెత్తి మీదుగా మూడో అంతస్తు ఎప్పుడొస్తుందా అన్నట్టు చూస్తుంటాడు. నేనా, బస్‌స్టేషన్లో మైకు దగ్గర కూర్చుంటాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో పొద్దుటి డ్యూటీ అంతా అరిచి అరిచి చెప్తాను, ఇన్నేళ్ళలో 'సరేనమ్మా, విన్నాం' అన్నవాడు ఒక్కడు లేడు. వినేవాళ్ళెవరో తెలియకుండా మాట్లాడే మనిషిని తెచ్చి, మాట్లాడకుండా నిలబడే మనిషి పక్కన కూర్చోబెట్టారు మా పెద్దలు, ఈడూ జోడూ బాగుందన్నారు. మధ్యలో అమ్మాయి పుట్టబట్టి సరిపోయింది. 'మీ నాన్న స్నానం చేశాడేమో అడుగు', 'మీ అమ్మని నా కళ్ళజోడు చూసిందేమో కనుక్కో', ముగ్గురం ఒకే గదిలో ఉండేవాళ్ళం, ఇద్దరికీ వినిపించిన మాటనే అది పాపం ఇటు నుంచి అటు మోసేది, కొన్నిసార్లు దానికి తోచిన మర్యాద కూడా కాస్త కలిపి మోసేది. 'నాన్నా, అమ్మ మిమ్మల్ని దయచేసి స్నానం చెయ్యమంటోంది' అనేది, దయ నేనెప్పుడూ అనలేదు. పోయిన నెల ఉద్యోగమొచ్చి వేరే ఊరెళ్ళింది. వెళ్తూ, ఇక మీరిద్దరూ నేరుగా మాట్లాడుకోండి, ఇన్నాళ్ళూ నాకు జీతం కూడా ఇవ్వలేదు అని నవ్వింది. మేమూ నవ్వాం. అది వెళ్ళిన రాత్రి తెలిసింది, నవ్వాల్సిన మాట కాదని.

టక్. ఇది నేను కొట్టింది కాదు, ఆయన స్పానరు పెట్టి దేన్నో తట్టినట్టున్నాడు. "టెర్మినల్ బాగానే ఉంది," అని బ్యాటరీతో చెప్తున్నాడు, బ్యాటరీ ఒప్పుకున్నట్టు లేదు. మా ఆయన పద్ధతి ఇది, లిఫ్టు ఆగిపోతే పైనుంచి కిందికి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాడట, ఏదీ వదలడట, అందుకే ప్రతి తీగనీ పట్టుకుని దాని యోగక్షేమాలు అడుగుతున్నాడు. ఈ బండిలో లిఫ్టులాగా పైనుంచి కిందికి ఏముంటుంది, అన్నీ ఒకచోటే కుక్కి పెట్టారు. ఆయన తీగలకు చూపించే ఓపికలో పావలా వంతు మనుషులకు చూపిస్తే ఈ పాటికి అక్క ఇంటి ముందుండేవాళ్ళం. సరే, తీగలు ఎదురు సమాధానం చెప్పవు, నేను చెప్తాను, అదే కదా ఆ రోజు జరిగింది.

ఆ రోజు అక్క ఫోన్ చేసి చెప్పింది, పెళ్ళి చేసుకుంటున్నానే అని. అక్కకు యాభై ఎనిమిది నిండాయి, మా బావ పోయి చాలా ఏళ్ళయింది, పెళ్ళికొడుకు పడవ నడిపి రిటైరైన కెప్టెను, ఏటికి ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు మనుషుల్ని దాటించి దాటించి ఇప్పుడు గట్టు మీద ఒక్కడూ మిగిలాడు. "ఎందుకే ఇప్పుడు?" అన్నాను, సంతోషం ఆపుకోలేక అలా అన్నాను. "ఇంట్లో మాట్లాడే మనిషి కావాలే, టీవీతో ఎంతసేపని పోట్లాడను?" అంది. అన్నం దగ్గర మా ఆయనకు చెప్పాను, చెప్పినప్పుడు నా గొంతు మైకులోలాగా పెద్దదైపోయిందేమో, అంత సంబరంగా ఉంది. ఆయన ముద్ద కలుపుతూ, "ఈ వయసులో పెళ్ళేంటి, ఇద్దరూ కలిసి గోడ చూసుకుంటారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. "మనం చేస్తున్నది అదేగా, వాళ్ళు కొత్తగా చెడేదేముంది?" అన్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, నా మాట పృథివి దాకా పోలేదు, బల్ల దాటి అవతలి కంచం దగ్గర ఆగింది. కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. కొళాయి చాలాసేపు పారింది. నేను 'నీళ్ళు వృథా' అన్నాను, కొళాయితో. అలా మొదలైంది.

"అంతా బాగానే ఉంటే ఎందుకు తీసుకోదు?" అని బొత్తాలు వెనక్కెళ్ళాయి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నాకు తెలియకుండా రేడియో మీదికి పోయింది. ఎందుకు తీసుకోదో నాకు తెలుసు. పొద్దుటి డ్యూటీ దిగి మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరతాను, ఇంట్లో అడుగు పెడితే చెవులు హోరెత్తే నిశ్శబ్దం, అమ్మాయి గది తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, అందుకని లోపలికి పోకుండా షెడ్డులోనే ఈ బండిలో కూర్చుని, తాళం సగం తిప్పి, రేడియో పెట్టుకుని, తెచ్చుకున్న బన్ను తింటూ పాటలు వింటున్నాను, ఈ వారమంతా. పాటలైపోయాక ప్రకటనలు కూడా విన్నాను. నా బస్‌స్టేషన్లో నేను చెప్పింది ఎవరూ వినరు కాబట్టి, ఇంకొకరు చెప్పేది పూర్తిగా వినడం నా ధర్మమనిపించింది. బ్యాటరీ ముసలిది, బండి వారం నుంచీ కదల్లేదు, చచ్చిపోదా మరి. ఈ ముక్క చెప్తే ఆయన తీగలన్నిటికీ ఓదార్పు దొరుకుతుంది. కానీ చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడితే ఓడాలి, పైగా ఒప్పుకుంటూ ఓడాలి, అది రెట్టింపు ఓటమి. అయితే ఇంకో విషయముంది. పొద్దున్న ఈ సీట్లో కూర్చుంటే నా కాళ్ళు క్లచ్‌కి అందలేదు. నేను పొట్టిదాన్ని, సీటు ముందుకు లాక్కుని కూర్చుంటాను, నిన్న మధ్యాహ్నం లాక్కునే కూర్చున్నాను, రాత్రికి రాత్రి సీటు వెనక్కి ఎలా పోయింది? ఈ టక్కులన్నిటికంటే ముందు, తాళం మొదటిసారి తిప్పినప్పుడు సెల్ఫ్ పలకలేదు గాని రేడియో పలికింది, నేను పెట్టుకున్న పాటలు కాదు, ఏదో వేరే స్టేషను, "మీ ఇంటి సమస్యకు మా అక్కయ్య సలహా, ప్రతి సాయంత్రం ఏడింటికి, ఫోన్ చేయండి" అని ఒకావిడ తియ్యగా అంటుండగానే తేలిపోయి ఆగిపోయింది. అప్పుడు, ప్రయాణానికి ముందు ఆయిలు చూడటానికని ఎత్తిన బానెట్ వెనక బొత్తాలు కూడా కదలకుండా ఆగిపోయాయి. సాయంత్రం ఆఫీసు నుంచొచ్చి 'బండి కడగాలి' అని గోడ గడియారంతో చెప్పి షెడ్డులోకి వెళ్ళేవాడు ఈ మనిషి. రోజూ వెళ్ళేవాడు. ఈ బండి చూస్తే ఈ వారంలో దీని మీద ఒక చెంబుడు నీళ్ళు పడ్డ ఆనవాలు లేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమొచ్చింది, ఎందుకో కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, మూడూ కలిపి మింగేసి సెల్ఫ్ కొట్టాను. టక్.

"గొంతు నొప్పండీ దీనికి," అన్నారు ఎవరో. పక్కింటి పళ్ళ డాక్టరుగారు, చేతిలో కాఫీ కప్పుతో ప్రహరీ మీంచి వంగి ఉన్నారు. ఆయనకు కారు లేదు, ఉన్నవల్లా కార్ల మీద అభిప్రాయాలు. కందకు లేని దురద కత్తిపీటకెందుకనుకోరు, గేటు తీసుకుని వచ్చేశారు. బానెట్‌లోకి తొంగి చూసి, "నోరు ఇంకాస్త పెద్దగా తెరవండి," అన్నారు అలవాటు కొద్దీ, మా ఆయన బానెట్ ఇంకాస్త ఎత్తాడు, అదీ అలవాటు కొద్దీనేమో, పెద్ద చదువులవాళ్ళు చెప్తే వింటాడు. "కుడి వైపు నల్లగా ఉందే, అది పీకెయ్యొచ్చా?" అన్నారు డాక్టరుగారు. "అది ఫ్యూజు పెట్టె," అన్నాడు మా ఆయన. "పుచ్చిందా?" "పుచ్చలేదు." "ఇప్పుడు పుచ్చకపోయినా రేపు పుచ్చుతుంది, అలాంటివి నేను పీకేస్తుంటాను," అన్నారాయన. నాకు ఆయన దగ్గర పోగొట్టుకున్న పన్ను గుర్తొచ్చి నాలుకతో ఆ ఖాళీని తడుముకున్నాను. ఇంతలో నా ఫోన్ మోగింది. అక్క. "బుజ్జీ, బయల్దేరారా? ఈయన పొద్దుటే లేచి బూట్లు పాలిష్ చేసుకుని తలుపు దగ్గర కూర్చున్నాడే, తుఫాను వస్తుందేమోనని ఆకాశం చూస్తున్నాడు," అని నవ్వింది. వెనక నుంచి కెప్టెనుగారు ఏదో అన్నారు, అక్క ఏదో అంది, వాళ్ళిద్దరూ నన్ను మర్చిపోయి ఏ చెప్పులేసుకోవాలన్న దాని మీద కాసేపు వాదించుకున్నారు. నేను ఫోను చెవికి ఆనించుకుని ఆ వాదన మొత్తం విన్నాను. నాకు కుళ్ళొచ్చింది, సొంత అక్క మీద కుళ్ళు, ఒక జత చెప్పుల గురించి. "వచ్చేస్తున్నామే," అన్నాను. మా ఆయన ఎక్కడికైనా గంటన్నర ముందు బయల్దేరే మనిషి కాబట్టి టైముకింకా ఢోకా లేదు, ఆ ఒక్క గుణానికి ఇవాళ దణ్ణం పెట్టుకోవాలి. "టాక్సీ అనేది ఒకటుంటుంది లోకంలో," అన్నాను అద్దంతో. "టాక్సీలో వెళ్ళేవాళ్ళు వెళ్ళొచ్చు," అన్నాడు స్పానరుతో. వెళ్ళొచ్చు. ఒక్క ఫోను చేస్తే చాలు, వెళ్ళిపోవచ్చు. నేను చెయ్యలేదు, ఆయన్ని ఆ తీగల దగ్గర వదిలేసి వెళ్ళడం నాకు చేతకాలేదు, పైకి మాత్రం ఫోనులో బ్యాలెన్సు చూస్తున్నట్టు నటించాను.

"తోసి చూద్దాం," అన్నాడు చివరికి, డాక్టరుగారితో. బానెట్ మూసేసరికి మనిషి మొత్తం ఒక్కసారిగా కనిపించాడు, ముక్కు మీద నల్లటి మరక, పెళ్ళికని వేసుకున్న తెల్ల చొక్కా మీద ఇంకోటి. నావైపు చూడబోయి సైడ్ మిర్రర్ వైపు చూశాడు. మా వీధి తిన్నగా ఉండదు, మధ్యలో చిన్న గుండ్రటి తోట, దాని చుట్టూ ఇళ్ళు, మా గేటు దగ్గర నుంచి మలుపు దాకా కాస్త పల్లం. "రెండో గేరులో పెట్టి క్లచ్ తొక్కి ఉంచమనండి. నేను చెప్పినప్పుడు వదలమనండి," అన్నాడు డాక్టరుగారితో. ఆయన మూడడుగులు నడిచి నా కిటికీ దగ్గరికి వచ్చి, "అమ్మా, రెండో గేరటండీ," అన్నారు. "విన్నానని చెప్పండి," అన్నాను. మళ్ళీ మూడడుగులు నడిచి వెళ్ళి, "విన్నారటండీ," అన్నారు. అమ్మాయి ఉద్యోగం ఈయనకు దొరికింది, జీతం ఈయనకూ లేదు. తోశారు. బండి మూలిగింది, కదిలింది, కంకర మీద చక్రాలు కరకరమన్నాయి, వెనక ఇద్దరూ రొప్పుతున్నారు. "వదలమనండి!" అని మా ఆయన గొంతు వినిపించింది. డాక్టరుగారు మర్యాదస్థులు, తోస్తున్న చేతులు తీసేసి, పరుగున కిటికీ దగ్గరికొచ్చి, ఊపిరి తీసుకుని, "అమ్మా, క్లచ్ వదలమంటున్నారండీ," అన్నారు. వదిలాను. అప్పటికి ఒక్క మనిషి తోస్తున్న బండి తాబేలయింది, ఓ ఎక్కిలి ఎక్కి ఆగిపోయింది. మలుపు దగ్గరపడింది, పల్లం ఇంకొక్క తోపుకే మిగిలింది, తర్వాతంతా ఎత్తు. ఆ ఎత్తు మీద ఇద్దరు తోస్తే బండి లేవదు, పదిమంది తోసినా లేవదేమో. ఇంకోసారి తోశారు. అద్దంలో చూస్తున్నాను, తల వంచి, భుజం ఆనించి, బలమంతా పెట్టి తోస్తున్నాడు, యాభై తొమ్మిదేళ్ళ మనిషి, అంకెలు చూస్తూ నిలబడటం తప్ప ఏ బరువూ ఎత్తని మనిషి. డాక్టరుగారు ఈసారి కూడా కబురు మొయ్యడానికి సిద్ధంగా మొహం పెట్టారు. అప్పుడు మా ఆయన తలెత్తి, వీధి వీధంతా వినేలా, "వదులే!" అని అరిచాడు.

వదిలాను. బండి గుర్రుమంది, ఒళ్ళంతా ఊగింది, నల్లటి పొగ వదిలి పరుగెత్తింది, మలుపు తిరిగేదాకా నాకు దాని సంగతి పట్టలేదు, ఆ మాట సంగతే పట్టింది. వదులే అన్నాడు. బండికి కాళ్ళు లేవు, క్లచ్ మీదున్న కాలు నాదొక్కటే, కాబట్టి ఆ మాట నాకే. ఎవరికైనా అనాలంటే 'వదలండి' అంటాడు, ఆ చివర 'ఏ' ఒక్కటీ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ పెట్టడు. ముందు నోరు విప్పింది ఆయనే, నేను గెలిచాను. గెలిచినవాళ్ళు తర్వాత ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. తోట చుట్టూ తిరిగి మా గేటు ముందుకొస్తుంటే వేగం తగ్గించాను, ఇంజను వెంటనే దగ్గింది, ఆయన చేతులు రెండూ ఊపుతూ అడ్డంగా వచ్చి, "ఆపకే! ఆపితే మళ్ళీ చస్తుంది! తిప్పుతూ ఉండు!" అని పక్కకు తప్పుకున్నాడు. దాటిపోయాను. ఏదో ఒకటి అనాలి, ఏమనాలి, ఒక చుట్టు దూరం ఉంది ఆలోచించుకోడానికి. తిరిగొచ్చి, కిటికీలోంచి, "మరి మీరెలా ఎక్కుతారు?" అన్నాను. వారం తర్వాత ఆయనతో నా మొదటి మాట అది. జవాబు వినే లోపల దాటిపోయాను.

మూడో చుట్టులో గేటు దగ్గర ఎవరూ లేరు. గేటు బార్లా తీసి ఉంది, ఆయన లేడు, డాక్టరుగారూ లేరు, కాఫీ కప్పు గోడ మీద ఉంది. వేగం పెంచానో తగ్గించానో నాకు గుర్తులేదు. అంత తోశాడు, చెమట్లు పట్టి ఉన్నాడు, చొక్కా తడిసి ఉంది, లోపల పడిపోయాడేమో, డాక్టరుగారు మోసుకెళ్ళారేమో, ఆయనేమో పళ్ళ డాక్టరు, గుండె పట్టుకోమంటే దవడ పట్టుకుంటాడు. ఆ తోట చుట్టూ దారి అంత పొడుగని నాకు ఎప్పుడూ తెలీదు, జారుడు బల్ల ఎంతకీ వెనక్కి పోదు, బెంచీ ఎంతకీ పోదు. ఇంత కాలం ఈ మనిషితోనా మాట్లాడకుండా కూర్చున్నాను, టీ గిన్నెలకూ కొళాయిలకూ చెప్పినవన్నీ ఈయనకు చెప్తే నా సొమ్మేం పోయింది, ఇప్పుడు చెప్దామంటే వినడానికి ఉంటాడా? మలుపు తిరిగాను. గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, ఇంకో చొక్కా వేసుకుని, బొత్తాలు ఒకటి తప్పి ఇంకోదానికి పెట్టుకుని. "ఎక్కడికి చచ్చారు?" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, మైకు లేకుండానే ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. "చొక్కా!" అన్నాడు బిత్తరపోయి, చొక్కా చూపిస్తూ. దాటిపోయి, వాళ్ళెవరూ చూడకుండా ఏడ్చాను, కాస్తే.

హ్యాండ్‌బ్రేక్ అనేదొకటి ఉందని నాకు అప్పుడే గుర్తొచ్చింది. క్లచ్ తొక్కి అది లాగి, కుడికాలు యాక్సిలరేటరు మీద కాస్త ఆనించి ఉంచితే ఇంజను బతికే ఉంటుంది, ఆయన హాయిగా తలుపు తీసుకుని ఎక్కొచ్చు. ఎడం చేతి కిందే ఉంది అది. నేను దాన్ని ముట్టుకోలేదు. ఎందుకంటే తర్వాతి చుట్టుకు ఆయన నేనడక్కుండానే గొంతెత్తి, "బ్యాటరీ తప్పు నాదే! రోజూ సాయంత్రం ఇందులో కూర్చుని రేడియో విన్నా!" అన్నాడు. లోపల గదిలో అయితే ఈ మాట ఈ జన్మలో అనడు, అంటే నేను ఏదో ఒకటి ఎదురు పెడతానని భయం, ఇక్కడ నేను వెంటనే దాటిపోతాను, మాట ఆయనది ఆయనకే దక్కుతుంది. ఆ చుట్టంతా ఆలోచించాను, ఆయన తప్పు ఆయన మీదే ఉంచేస్తే నాకేం నష్టం, ఉంచేద్దామా, బాగుంటుంది కదా జీవితాంతం ఎత్తిపొడవడానికి. గేటు దగ్గరకొచ్చేసరికి నోరు దానంతటదే, "మధ్యాహ్నాలు నేనూ విన్నా!" అనేసింది. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు, పక్కన డాక్టరుగారు ఆ నోట్లోకి చూస్తూ, "ఆవిడ కూడానా!" అన్నారు. మళ్ళీ చుట్టు. "ఆ సలహాలావిడకి ఫోన్ చేశా! రోజూ! లైను దొరకలేదు!" మళ్ళీ చుట్టు. "ఏమడుగుదామని?" మళ్ళీ చుట్టు. ఈసారి ఆయన వీధిలోకి రెండడుగులు దిగి, తలుపు పట్టుకుని పక్కనే పరుగెడుతూ, రొప్పుతూ, "ముందు మాట... ఎలా... అనాలని!" అన్నాడు. ఎదురింటి మేడ మీద ఎవరో చప్పట్లు కొట్టారు. లిఫ్టులో పక్కవాడికి దగ్గు వస్తే తనే సిగ్గుపడే మనిషి ఈయన.

చివరికి వేగం బాగా తగ్గించాను, డాక్టరుగారు తలుపు తీసి పట్టుకున్నారు, మా ఆయన ఎలాగో ఎగిరి ఎక్కేశాడు, తల తగిలింది, తలుపు పడింది. "శుభం," అన్నారు డాక్టరుగారు వెనక నుంచి. మెయిన్ రోడ్డు వైపు తిప్పబోతున్నాను. పక్కపక్కనే కూర్చున్నాం, మోకాళ్ళ మధ్య జానెడు దూరం. కూర్చోగానే మళ్ళీ అదే నిశ్శబ్దం వచ్చి మా ఇద్దరి మధ్య సర్దుకుని కూర్చుంది, అమ్మాయి కూర్చునే చోట. ఆయన ముందద్దం వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, "ఈ బండికి కొత్త బ్యాటరీ వెయ్యాలి," అన్నాడు డాష్‌బోర్డుతో. నా ప్రాణం ఉసూరుమంది. ఇల్లలకగానే పండగ కాదు. ఈసారి చాలా నెమ్మదిగా, "హ్యాండ్‌బ్రేక్ ఉందిగా, వెయ్యొచ్చుగా ఇందాక," అన్నాడు.

"గుర్తు రాలేదు," అన్నాను. తర్వాత, "వచ్చింది," అన్నాను. "మీరైనా చెప్పొచ్చుగా."

"నాకూ వచ్చింది," అన్నాడు.

మలుపు దగ్గర ఎడమ వైపు సిగ్నల్ వేశాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు, గేరు మీద ఉన్న చేతి మీద.

"ఇంకో చుట్టు తిప్పు."

"అక్క చూస్తుంటుంది."

"టైముంది. నన్ను గేటు దగ్గర దింపు. ఇంకోటి చెప్పాలి." డాష్‌బోర్డుతో కాదు, నాతోనే అన్నాడు, కాని మొహం ఎర్రబడింది. "ఇక్కడ కూర్చుని చెప్పలేను."

తోట చుట్టూ తిప్పి తీసుకొచ్చి, పూర్తిగా ఆపకుండానే దింపాను, ఆయన దిగి, తూలి, నిలదొక్కుకుని గేటు పక్కన తన చోటికి వెళ్ళి నిలబడ్డాడు, పాఠం అప్పజెప్పడానికి నిలబడ్డ పిల్లాడిలాగా. డాక్టరుగారు మళ్ళీ గోడ మీంచి వంగారు, ఎందుకో మళ్ళీ ఆయనే లోపలికి వెళ్ళిపోయారు, కప్పు కూడా తీసుకుని. నేను చుట్టు మొదలుపెట్టాను. ఈసారి దారి ఎంత ఉండాలో అంతే ఉంది. కిటికీ అద్దాలు రెండు వైపులా పూర్తిగా దింపాను. మలుపు తిరిగేసరికి ఆయన అప్పటికే ఊపిరి తీసుకుని సిద్ధంగా ఉన్నాడు, అరవడానికి, నేను దాటిపోయేలోపు అనేసి బయటపడటానికి. సరిగ్గా ఆయన ముందుకొచ్చాక క్లచ్ తొక్కి హ్యాండ్‌బ్రేక్ లాగాను. కుడికాలు యాక్సిలరేటరు మీద ఉంచాను. బండి ఆగింది, ఇంజను ఆగలేదు.

"చెప్పండి," అన్నాను.

ఆయన అరవడానికి తీసుకున్న ఊపిరంతా వృథాగా వదిలేశాడు. అటూ ఇటూ చూశాడు. చూడ్డానికి ఒక వస్తువు కూడా దొరకలేదు, నేనే ఉన్నాను. కిటికీ మీద చేతులు ఆనించి వంగాడు.

"అమ్మాయి వెళ్ళాక, నీతో ఏం మాట్లాడాలో తెలీక భయమేసిందే," అన్నాడు. "అందుకే ఆ రోజు అలా కూశాను."

"నాకూ భయమేసిందండీ," అన్నాను. "ఎక్కండి."